వెస్టర్న్ రెడ్ సీడర్: వానల అడవిలో పుట్టిన చేవ

అలాస్కా దక్షిణ కొస నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా పసిఫిక్ తీరం వెంట ఉన్న అడవుల్లో తడి అంత తేలిగ్గా ఆరదు. పడిపోయిన మానును నాచు కప్పేస్తుంది, బూజు పడుతుంది, పుట్టగొడుగులు కొద్దికొద్దిగా తినేస్తాయి. అలాంటి చోట ఎన్నో దశాబ్దాల కిందట కూలిన దుంగను కోస్తే లోపల చెక్క గట్టిగా, ఎర్రగా, ఘాటైన వాసనతో బయటపడిందంటే అది చాలావరకు వెస్టర్న్ రెడ్ సీడరే అయి ఉంటుంది. తడిలో పెరిగి తడిని తట్టుకోవడం నేర్చిన చెట్టు ఇది. ఇంటి గోడలకు, పైకప్పులకు, తోట కంచెలకు ఈ చెక్క ఇంతగా వాడుకలోకి రావడానికి అదే మూలం.

దీని శాస్త్రీయ నామం థూజా ప్లికేటా. పేరులో సీడర్ ఉన్నా హిమాలయాల దేవదారుతో చుట్టరికం దూరమే. దేవదారు పైన్ కుటుంబానిది, ఇది సైప్రస్ కుటుంబానిది. మన నర్సరీల్లో మోర్‌పంఖీ అనీ తూజా అనీ అమ్మే, విసనకర్రల్లా ఆకులు విచ్చుకునే మొక్కదీ సైప్రస్ కుటుంబమే. ఆ కుండీ మొక్కను చూసి ఈ చెట్టును ఊహించుకోవడం మాత్రం కష్టం. ఇది 50-60 మీటర్ల ఎత్తు పెరుగుతుంది, వెయ్యేళ్లు దాటి బతుకుతుంది. వాంకూవర్ దీవిలోని పసిఫిక్ రిమ్ నేషనల్ పార్క్ రిజర్వులో ఉన్న చీవాట్ జెయింట్ అనే చెట్టు మొదలు అడ్డకొలత సుమారు 6 మీటర్లు. దానికి సాటి అనదగ్గ మరో మహావృక్షం వాషింగ్టన్ రాష్ట్రంలో క్వినాల్ట్ సరస్సు దగ్గర ఉండేది. అది 2016లో కూలిపోయింది. తీరంలోనే కాక లోపల బ్రిటిష్ కొలంబియా, ఐడహో, మోంటానా కొండల్లో వానలు బాగా కురిసే పట్టీలోనూ రెడ్ సీడర్ పెరుగుతుంది. బ్రిటిష్ కొలంబియా 1988లో దీన్ని తన ప్రావిన్సు వృక్షంగా ప్రకటించింది.

ఈ చెక్క బలమంతా చేవలో ఉంది. బెరడు కింద పలచటి తెల్ల పొర, దాని లోపల లేత ఇటుక రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా మారే చేవ. చెట్టు వయసు పెరిగేకొద్దీ ఈ చేవలో థూజాప్లిసిన్లు అనే రసాయనాలు చేరతాయి. కుళ్లు తెచ్చే శిలీంధ్రాలకు ఇవి విషం. వీటిలో ఒకదాన్ని జపాన్ శాస్త్రవేత్త నొజోయె టెట్సువో 1936లో తైవాన్ హినోకి చెట్టు నూనెలో కనుక్కొని హినోకిటియోల్ అన్నాడు. స్వీడన్‌లో హోల్గర్ ఎర్ట్‌మన్ బృందం రెడ్ సీడర్ చేవను పరీక్షించినప్పుడు అదే పదార్థం అందులోనూ దొరికింది. మిథైల్ థూజేట్ వంటి మరికొన్ని పదార్థాలు కీటకాలను దూరం పెడతాయి, చెక్కకు ఆ ప్రత్యేకమైన వాసననూ ఇస్తాయి. తెల్ల పొరకు మాత్రం ఈ రక్షణ లేదు. తెల్ల భాగం ఎక్కువగా ఉన్న పలకను రెడ్ సీడర్ పేరు చూసి వానలో పెడితే మామూలు చెక్కలాగే పాడైపోతుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. కోసిన చేవ అంత మన్నికైనదే అయినా, అడవిలో నిలబడి ఉన్న ముసలి సీడర్లు చాలావరకు లోపల గుల్లగా ఉంటాయి. థూజాప్లిసిన్లను విరిచేయగల కొన్ని శిలీంధ్రాలు ముందుగా లోపలికి చేరి విషాన్ని హరిస్తాయి, ఆ తర్వాత చెక్కను తినే శిలీంధ్రాలు వస్తాయి. వందల ఏళ్ల వ్యవధి దొరికితే ఏ రక్షణా శాశ్వతం కాదన్నమాట. ఇళ్ల లెక్కలో ఆ వ్యవధి పెద్ద అడ్డంకి కాదు.

మన్నిక తర్వాత చెప్పుకోవలసింది బరువు. ఎండిన రెడ్ సీడర్ ఘనపు మీటరుకు 370 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. టేకు సుమారు 650 కిలోలు. చెక్క కణాల్లో గాలి ఎక్కువగా ఉండటం వల్లే ఇది ఇంత తేలిక. అందుకే వేడిని నెమ్మదిగా దాటిస్తుంది, ఆవిరి స్నానాల గదుల్లో బల్లలకు దీన్ని వాడతారు. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి వలయాలకు అడ్డంగా 2.4 శాతం, వలయాల వెంట 5 శాతం మాత్రమే కుంచించుకుపోతుంది. మెత్త చెక్కల్లో ఇది చాలా తక్కువ. పలకలు మెలితిరగవు, సందులు విచ్చుకోవు. జిగురు కారదు కాబట్టి రంగు బాగా పడుతుంది.

లోపాలు కూడా అక్కడి నుంచే పుడతాయి. అంత గాలి నిండిన చెక్క మెత్తగానే ఉంటుంది. గోటితో నొక్కితే గుర్తు పడుతుంది. అంచుకు దగ్గరగా మేకు దిగ్గొడితే చీలుతుంది. బరువు మోసే దూలాలకు, జనం బాగా తిరిగే మెట్లకు దీన్ని ఎంచుకోవడం సరైన పని కాదు. ఆ పనికి అదే అడవిలో పెరిగే డగ్లస్ ఫర్ ఉంది.

ఈ గుణాలన్నీ ప్రయోగశాలలు చెప్పకముందే ఆ తీరపు ప్రజలకు తెలుసు. హైడా, ట్లింగిట్, క్వాక్వాకావాక్వ్, నూ-చా-నుల్త్, కోస్ట్ సాలిష్ వంటి జాతుల జీవితం పుట్టుక నుంచి చావు దాకా ఈ చెట్టుతో అల్లుకుని ఉండేది. ఇల్లు, పడవ, పెట్టె, తాడు, చాప, టోపీ, పసిపిల్లల కింద పరిచే మెత్తటి పొత్తి, ఊరి ముందు నిలిపే టోటెమ్ స్తంభం, అన్నీ సీడరే. వాషింగ్టన్ తీరంలో మకా జాతివారి ఒజెట్ గ్రామం కొన్ని శతాబ్దాల కిందట కొండచరియ విరిగిపడి బురదలో పూడుకుపోయింది. 1970 నుంచి పదేళ్లకు పైగా రిచర్డ్ డాహర్టీ నాయకత్వంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. బురద గాలి చొరనివ్వకపోవడంతో ఇంటి పలకలు, పెట్టెలు, బుట్టలు చెక్కుచెదరకుండా దొరికాయి. ఇప్పుడవి నియా బే ఊరిలో మకా జాతి సొంత మ్యూజియంలో ఉన్నాయి. చెక్క సామాను అంత పెద్ద సంఖ్యలో నిలిచి ఉన్న పురావస్తు స్థలాలు ప్రపంచంలో అరుదు.

కోస్ట్ సాలిష్ వాళ్ల పొడవాటి ఇళ్ల నిర్మాణం నేటి ఇంజనీర్లకూ పాఠం చెబుతుంది. బరువైన గుంజలూ దూలాలూ శాశ్వతంగా ఒకచోట నిలబడి ఉండేవి. గోడ పలకలను మాత్రం మేకులతో బిగించేవారు కాదు. జంట కర్రల మధ్య ఒకదానిపై ఒకటి పేర్చి సీడర్ కొమ్మల తాళ్లతో కట్టేవారు. వేసవిలో చేపల వేటకు వెళ్లేటప్పుడు ఆ తాళ్లు విప్పి, పలకలను రెండు పడవల మీద అడ్డంగా పరిచి, సామాను దాని మీద పెట్టుకుని అక్కడికి తీసుకెళ్లేవారు. చేరాక అవే మళ్లీ గోడలయ్యేవి. నార సూటిగా ఉండే చెక్క కాబట్టి చీలలు కొడితే పొడవాటి పలకలు విడిపోయేవి. నిలబడి ఉన్న చెట్టును చంపకుండానే దాని మాను నుంచి ఒకటి రెండు పలకలు చీల్చి తీసుకున్న ఆనవాళ్లు నేటికీ ఆ అడవుల్లో కనిపిస్తాయి.

బెరడు తీసే పద్ధతీ అంతే ఒడుపైనది. వసంతం చివర, చెట్టులో రసం పారే రోజుల్లో, మొదలు దగ్గర ఒకటి రెండు అరచేతుల వెడల్పున అడ్డంగా కోత పెడతారు. ఆ అంచును పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగితే బెరడు పట్టీ పైకి పైకి ఊడి, సన్నబడుతూ పోయి చివరికి తెగి కింద పడుతుంది. బయటి పెచ్చును అక్కడే వలిచేసి లోపలి నారను మడతపెట్టి ఇంటికి తెస్తారు. నెలల తరబడి ఆరనిచ్చి, నానబెట్టి, దంచితే అది గుడ్డలా మెత్తబడుతుంది. తీసేది చెట్టు చుట్టుకొలతలో చిన్న భాగమే కాబట్టి గాయం అంచులు మెల్లగా మూసుకుపోతాయి, చెట్టు బతుకుతుంది. ఇలాంటి మచ్చలున్న చెట్లను బ్రిటిష్ కొలంబియాలో వారసత్వ సంపదగా గుర్తిస్తున్నారు. 1846కు ముందరి మచ్చలున్నవాటికి చట్ట రక్షణ ఉంది.

వడ్రంగం నైపుణ్యం చూడాలంటే ఆ ప్రజల వంపు పెట్టెను చూడాలి. నాలుగు గోడలూ ఒకే పలక. దాని మీద మూడు చోట్ల అడ్డంగా గాడి తీస్తారు, పలకను ఆవిరి మీద మెత్తబరుస్తారు, గాడి దగ్గర మడుస్తారు. మూడు మూలలు అలా వచ్చాక నాలుగో మూలను చెక్క చీలలతోనో వేరు నారతోనో కుడతారు. అడుగు పలక ఎంత బిగువుగా కూర్చుంటుందంటే పెట్టెలో నీళ్లు పోసి, ఎర్రగా కాల్చిన రాళ్లు వేసి వంట చేసేవారు. పడవకూ ఇదే సూత్రం. దుంగను తొలిచి, నీళ్లు నింపి, వేడి రాళ్లతో మరిగించి, మెత్తబడ్డ అంచులను అడ్డకర్రలతో వెడల్పు చేస్తారు. హైడా శిల్పి బిల్ రీడ్ నాయకత్వంలో వాంకూవర్ ఎక్స్‌పో 86 కోసం తయారైన 15 మీటర్ల లూటాస్ పడవ ఆ విద్యను కొత్త తరానికి చేర్చింది.

యూరోపియన్ వలసదారులు వచ్చాక సీడర్ ముఖ్యంగా పైకప్పుకెక్కింది. చెక్క పెంకులు రెండు రకాలు. రంపంతో కోసి నునుపుగా చేసినవి షింగిల్స్, చీల్చి తీసినవి షేక్స్. చీల్చడానికి వాడే ఫ్రో అనే పనిముట్టుకు పొడవాటి మొండి బ్లేడు, దానికి నిలువుగా ఒక పిడి ఉంటాయి. దుంగ ముక్క తలమీద బ్లేడును ఆనించి గూటంతో ఒక దెబ్బ వేసి, పిడిని పక్కకు వంచితే పలక నార వెంట విడిపోతుంది. రంపం నారను తెంపుతుంది, ఫ్రో తెంపదు. అందుకే చీల్చిన పెంకు మీద నీళ్లు నార వెంట జారిపోతాయి. ఏటవాలు బాగా ఉండి, కింద గాలి ఆడితే ఇలాంటి కప్పు 30 ఏళ్ల దాకా నిలుస్తుంది. నీడలో, చెట్ల కింద ఉంటే నాచు పట్టి ముందే పాడవుతుంది. ఈ పెంకుల వ్యాపారం రెండు దేశాల మధ్య తగవు కూడా అయింది. 1986లో అమెరికా ప్రభుత్వం కెనడా సీడర్ పెంకుల మీద 35 శాతం సుంకం వేసింది.

నిప్పు విషయంలో దాపరికం అక్కర్లేదు. ఎండిన చెక్క పెంకుల కప్పు నిప్పురవ్వకు తేలిగ్గా అంటుకుంటుంది, మండుతున్న పెంకులు గాలికి ఎగిరి పక్క వీధిలో పడతాయి. 1961లో లాస్ ఏంజెలెస్ బెల్ ఎయిర్ అగ్నిప్రమాదంలో దాదాపు 500 ఇళ్లు కాలిపోయాయి. 1991లో ఓక్లాండ్ కొండల మంటల్లో 25 మంది చనిపోయారు. రెండు చోట్లా చెక్క కప్పుల మీద వేలెత్తి చూపారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో చాలా చోట్ల శుద్ధి చేయని చెక్క కప్పులను నిషేధించారు. కార్చిచ్చు వచ్చే ప్రాంతంలో సీడర్ కప్పు వేయడం ఎంత అందంగా ఉన్నా తప్పుడు నిర్ణయమే. వానలు కురిసే తీరంలో అది వేరే సంగతి.

ఇప్పటి వాస్తుశిల్పులు రెడ్ సీడర్‌ను ఎక్కువగా గోడ బయటి తొడుగుకు వాడుతున్నారు. ఈ తొడుగు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చెక్క కన్నా దాని వెనక ఉన్న సందు మీద ఆధారపడుతుంది. ఆ పాఠాన్ని వాంకూవర్ చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1980-90 దశకాల్లో అక్కడ కట్టిన వేలాది అపార్ట్‌మెంట్లలో గోడల్లోకి చేరిన వాన నీరు బయటికి పోయే దారి లేక లోపలి చట్రం కుళ్లిపోయింది. 1998లో మాజీ ప్రీమియర్ డేవ్ బారెట్ నాయకత్వంలో విచారణ సంఘమే వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత బయటి తొడుగుకూ లోపలి గోడకూ మధ్య గాలి ఆడే ఖాళీ వదలడం ఆ తీరంలో నియమమైంది. సీడర్ పలకకు కూడా అదే కావాలి. రెండు వైపులా గాలి తగిలితే అది తడిసిన ప్రతిసారీ ఆరుతుంది. పలక కోసిన కొసలు నీటిని ఎక్కువగా పీలుస్తాయి కనుక వాటికి పూత తప్పనిసరి.

మేకుల ఎంపిక చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. చేవలో ఉన్న టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లటి మరకలు పడతాయి. మామూలు మేకు కొట్టిన గోడ మీద మొదటి వానకే ప్రతి మేకు కింద నల్లటి చార దిగుతుంది. చెక్కకు ఆమ్ల గుణం ఉండటంతో అది మేకును కూడా తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులే వాడాలి. డబ్బు మిగుల్చుకోవాలంటే మందంగా జింకు పూత పూసినవి వాడవచ్చు.

రంగు వేయకుండా వదిలేస్తే ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పొరలోని లిగ్నిన్‌ను విరిచేస్తాయి. వాన దాన్ని కడిగేస్తుంది. రెండు మూడేళ్లలో ఎర్రటి గోడ వెండి బూడిద రంగుకు మారుతుంది. ఈ మార్పు చర్మం మందాన మాత్రమే, లోపల చెక్కకు ఏమీ కాదు. కొందరికి ఆ బూడిద రంగే ఇష్టం. ఎరుపు నిలబెట్టుకోవాలంటే చెక్కలోకి ఇంకే రంగు నూనెలు రెండు మూడేళ్లకోసారి పట్టించాలి. నిగనిగలాడే వార్నిష్ బయట పనికి రాదు. అది పొరలు పొరలుగా లేచిపోతుంది, గోకి తీయడం పెద్ద పని.

మట్టి, గడ్డి, సున్నం వంటివాటితో ఇళ్లు కట్టే సహజ నిర్మాణకారులు బ్రిటిష్ కొలంబియాలోనూ ఆరెగన్‌లోనూ చాలామంది ఉన్నారు. మట్టిగోడకు శత్రువు నీరు. కాబట్టి వాళ్లు పునాది రాయికీ మట్టిగోడకూ మధ్య, కిటికీల గడపలకు, వెడల్పాటి చూరు కింద, కప్పు పెంకులకు సీడర్‌ను వాడతారు. రసాయనాలు పట్టించకుండానే ఆ పని చేసే చెక్క దగ్గరలోనే దొరకడం వాళ్ల అదృష్టం.

తోటలో దీని వాడకం ఇంకా విస్తారం. కూరగాయల ఎత్తు మళ్లు అమెరికాలో సీడర్‌తోనే ఎక్కువగా కడతారు. దీని వెనక ఒక కారణముంది. ఒకప్పుడు పెరట్లో వాడే చెక్కకు క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించేవారు. ఆర్సెనిక్ మట్టిలోకి దిగుతుందన్న ఆందోళనతో 2003 చివర్లో ఇళ్ల వాడకం నుంచి దాన్ని ఉపసంహరించారు. తినే పంట పెంచే చోట మందు లేని చెక్క కోరుకునేవాళ్లకు సీడర్ సహజమైన ఎంపికగా నిలిచింది. మడి కట్టడం తేలికే. రెండంగుళాల పలకలు నాలుగు, మూలల్లో నాలుగు చిన్న గుంజలు, కొసలు చీలకుండా ముందుగా రంధ్రం చేసి బిగించే స్టెయిన్‌లెస్ స్క్రూలు. అడుగు మూయకూడదు. నీరు నేలలోకి పోవాలి. మట్టికి ఎప్పుడూ ఆనుకుని ఉంటుంది కాబట్టి ఇలాంటి మడి పది పదిహేనేళ్లు నిలుస్తుంది. అదే చెక్కను నేల మీదికి ఎత్తి గాలి తగిలేలా కడితే దాని ఆయువు రెట్టింపు దాటుతుంది. పాదు పందిళ్లు, పెరటి బల్లలు, గేట్లు అందుకే ఎక్కువ కాలం ఉంటాయి.

కంచె గుంజను నేలలో పాతే చోట మాత్రం సీడర్ మీద భారం వేయడం అనవసరం. నేల మట్టం దగ్గర, దానికి కాస్త కింద, తడి, గాలి రెండూ కలిసే చోట కుళ్లు మొదలవుతుంది. గుంజలను లోహపు గొట్టాలతోనో కాంక్రీటులో బిగించిన కొక్కాల మీదో నిలిపి, పలకలను మాత్రం సీడర్‌తో వేయడం మంచి పద్ధతి. రెడ్‌మండ్, బోథెల్, సమామిష్ ప్రాంతాల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ కంచె బాగా పరిచయం. సియాటెల్ చుట్టుపక్కల పెరళ్ల మధ్య ఎక్కువగా కనిపించేవి సీడర్ పలకలే.

బ్రిటన్‌కు ఈ చెట్టు 1853లో చేరింది. వీచ్ నర్సరీ కోసం విత్తనాలు సేకరించే విలియం లాబ్ దాన్ని తెచ్చాడు. అక్కడ ఇది పెరటి చుట్టూ కత్తిరించి పెంచే పచ్చటి గోడగా స్థిరపడింది. చెక్క గ్రీన్‌హౌసులకు, తేనెటీగల పెట్టెలకు కూడా వాడతారు. పెట్టె తేలిక, పైగా రంగు వేయకుండానే వానలో నిలుస్తుంది, తేనెటీగలు పెంచేవాళ్లకు ఈ రెండూ ముఖ్యం. చెప్పుకోవలసిన తేడా ఒకటుంది. యూరప్ ప్రమాణాల్లో ఉత్తర అమెరికా నుంచి వచ్చిన చేవను మన్నికైన తరగతిలో, బ్రిటన్‌లో పెరిగిన చేవను దానికన్నా కింది తరగతిలో ఉంచారు. చెట్టు అదే అయినా త్వరగా పెరిగిన లేత చెట్టు చేవలో రక్షక పదార్థాలు తక్కువ.

ఈ తేడాయే రెడ్ సీడర్ గురించి ఆలోచించేవాళ్లు మరవకూడని విషయం. ఈ చెక్కకు పేరు తెచ్చింది వందల ఏళ్లు నెమ్మదిగా పెరిగిన చెట్లు. అవి తరిగిపోతున్నాయి. బ్రిటిష్ కొలంబియా తీరంలోని మియర్స్ దీవిలో నరికివేతకు వ్యతిరేకంగా ట్లా-ఒ-క్వి-అట్ జాతివారు 1984లో ఆ దీవిని తమ జాతి ఉద్యానవనంగా ప్రకటించుకున్నారు. మరుసటేడు లయల్ దీవిలో హైడా పెద్దలు దారి కడ్డంగా కూర్చున్నారు. 1993 వేసవిలో క్లాయొక్వాట్ సౌండ్‌లో 800 మందికి పైగా అరెస్టయ్యారు. 2016లో కుదిరిన గ్రేట్ బేర్ వర్షారణ్య ఒప్పందం ఆ వర్షారణ్యంలో 85 శాతాన్ని నరికివేతకు దూరంగా ఉంచింది. ఈ పోరాటాలు లేకపోతే మహావృక్షాలు ఇంకా తక్కువ మిగిలేవి.

గొడ్డలి ఒక్కటే కాదు ముప్పు. హైడా గ్వాయీ దీవులకు మనుషులు తెచ్చి వదిలిన జింకలు సీడర్ మొలకలను పెరగనివ్వకుండా మేసేస్తున్నాయి. వాషింగ్టన్, ఆరెగన్‌లలో గత దశాబ్దపు ఎండల్లో, ఎద్దడిలో సీడర్ల తలలు ఎండిపోవడం అటవీ శాస్త్రవేత్తలు గమనిస్తున్నారు. 2021 జూన్‌లో బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్‌లో 49.6 డిగ్రీలు నమోదైన వడగాడ్పు రోజుల్లో పడమటి ఎండ తగిలిన సీడర్ కొమ్మలు ఎర్రగా మాడిపోయాయి. మిగతా చెట్ల కంటే నీటి కరువు దీన్నే ముందుగా దెబ్బతీస్తోంది.

కార్మికుల ఆరోగ్యం కూడా ఇందులో భాగమే. సీడర్ రంపపు పొట్టులో ఉండే ప్లికేటిక్ ఆమ్లం కొందరిలో ఆస్తమా తెస్తుంది. వాంకూవర్‌లో డాక్టర్ మొయిరా చాన్-యంగ్ కోత మిల్లుల కార్మికుల మీద జరిపిన పరిశోధనలు ఈ జబ్బును వృత్తి వ్యాధిగా గుర్తించడానికి దారి వేశాయి. పని మానేసినా కొందరికి తగ్గదు. ఇంట్లో పలకలు కోసుకునేవాళ్లు కూడా మాస్కు పెట్టుకోవాలి, ఆరుబయట పని చేయాలి.

భారతదేశంలో ఈ చెక్కను బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఐఐ, కెనడియన్ వుడ్ పేరుతో ప్రచారం చేస్తోంది. ఖరీదైన ఇళ్ల ముఖభాగాలకు, బాల్కనీ పైకప్పు లోపలి వైపుకు, ఎండ ఆపే పట్టీలకు ఇది పనికొస్తుంది. తేలిక కాబట్టి పై అంతస్తుల్లో చట్రం మీద బరువు పడదు. తెలంగాణ, రాయలసీమ ఎండకు బూడిద రంగు త్వరగా వస్తుంది, నూనె పూత కూడా తరచుగా కావాలి. చెదల విషయంలో దీని మీద పూర్తి భరోసా పెట్టుకోకూడదు. నేలను తాకించకుండా కట్టాలి. తోట కంచెకు, కూరగాయల మడికి సముద్రం దాటించి దీన్ని తేవడం అర్థం లేని ఖర్చు. వెదురు, పాత ఇళ్ల నుంచి తీసిన టేకు, కోస్తాలో తాటి దూలం ఆ పని చేస్తాయి. కొనేవాళ్లు చెక్క ఏ అడవి నుంచి వచ్చిందో చెప్పే ఎఫ్‌ఎస్‌సీ లేదా పీఈఎఫ్‌సీ ధ్రువీకరణ అడగాలి. కణుపులు లేని పలకలు ముసలి చెట్ల నుంచి వచ్చే అవకాశం ఎక్కువ. కణుపులున్నవి రెండో పెరుగుదల అడవుల నుంచి కూడా దొరుకుతాయి, ధర తక్కువ, తోట పందిరికీ బాల్కనీ తొడుగుకూ అవి చాలు.